పట్టు లంగా ఎవరిది?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 54 ఏళ్లు. నాన్న ఆజంజాహి మిల్లులో పనిచేసేవారు. అమ్మ పుట్టిల్లు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. అమ్మ పోయి ఏడాదైంది. ఆమె సందుగ సర్దుతుంటే నా చిన్ననాటి పట్టు లంగా దొరికింది. గులాబీ రంగు, ఆకుపచ్చ అంచు. నాకు 7 ఏళ్లప్పుడు దసరాకు నాన్న నన్ను బట్టల కొట్టుకు తీసుకెళ్లి, బల్ల మీద కూర్చోబెట్టి కొన్నది అది. కొట్టాయన నా చేతిలో పిప్పరమెంటు పెట్టడం కూడా గుర్తుంది. రెండు బతుకమ్మ పండుగలకు అదే వేసుకున్నాను. కరీంనగర్‌లో ఉండే మా అక్క నాకన్నా 4 ఏళ్లు పెద్దది. లంగా దొరికిందని ఫోనులో చెబితే, "అది నాది, నాకు పొట్టి అయ్యాక నీకు వచ్చింది. బల్ల మీద కూర్చున్నదీ నేనే" అంది. పైగా దాన్ని కత్తిరించి తన మనవరాలి తొలి పుట్టినరోజుకు చిన్న లంగా కుట్టిస్తానంటోంది. మాటా మాటా పెరిగింది. రెండు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. లంగా పొడవు 34 అంగుళాలు. కింది భాగంలో అడ్డంగా నాలుగు వరుసల సూది రంధ్రాలు, వాటి పక్కనే ముదురు చారలు ఉన్నాయి. మడతల దగ్గర పట్టు చిరుగుతోంది, జరీ నల్లబడింది. ఎడమ మోకాలి దగ్గర నీలి మరక ఉంది. బొందు మాత్రం గట్టిగా ఉంది, అమ్మ జంపఖానా నూలుతో పేనింది. అక్కకు నిజం ఎలా తెలియజెప్పాలి? మరక ఎలా పోతుంది? లంగాను కత్తిరించనివ్వాలా?

— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివాక టేపు తీసుకుని పక్కింటికి వెళ్లి, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలను నిలబెట్టి నడుము నుంచి చీలమండ దాకా కొలిచాను. 7 ఏళ్ల పిల్లకు 27 అంగుళాల చిల్లర. 11 నిండిన పెద్దదానికి 33. ఎందుకు కొలుస్తున్నానని వాళ్లమ్మ అడిగితే, ఒక తగాదా తీర్చాలి అన్నాను. నవ్వింది.

మీ లంగా 34 అంగుళాలు. మీరు దాన్ని ఏడో ఏట, ఎనిమిదో ఏట వేసుకున్నానని రాశారు. ఆ వయసు పిల్ల 34 అంగుళాల లంగా వేసుకుంటే బతుకమ్మ చుట్టూ రెండు అడుగులు తిరగకముందే కాలికి చుట్టుకుని పడిపోతుంది. అంటే మీరు వేసుకున్నప్పుడు లంగా అంత పొడవు లేదు, కింద మడతలు వేసి కుట్టి ఉంది. మీరు రాసిన నాలుగు వరుసల సూది రంధ్రాలు ఆ కుట్లవే. పక్కన ముదురు చారలంటారా, మడత లోపల దాక్కున్న గుడ్డకు వెలుగు తగలదు కనుక అసలు రంగు అక్కడే మిగులుతుంది. పెరిగే పిల్లకు కొత్త లంగా కుట్టించేటప్పుడు కింద మడతలు పెట్టించి, ఏడాదికొకటి విప్పుతూ పోవడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన పొదుపే.

ఇప్పుడు లెక్క చూడండి. ముప్పావు అంగుళం లోతున మడత వేస్తే అంగుళంన్నర పొడవు తగ్గుతుంది. నాలుగు మడతలకు 6 అంగుళాలు. 34లోంచి 6 తీసేస్తే 28. అంటే ఆ లంగా 7 ఏళ్ల పిల్ల ఒంటి మీద మొదలై, ఏడాదికొక మడత చొప్పున విప్పుకుంటూ 11 ఏళ్ల పిల్ల దాకా వెళ్లింది. నాలుగేళ్లు. మీరు వేసుకున్నది రెండు పండుగలు. మీకూ మీ అక్కకూ మధ్య తేడా సరిగ్గా నాలుగేళ్లు. ఆమెకు 11 నిండి లంగా పొట్టి అయ్యే నాటికి మీకు 7 వచ్చాయి.

అక్కకు నిజం ఎలా తెలియజెప్పాలని అడిగారు. కోపం తెచ్చుకోకండి, ఈ లెక్కలో నిజం అక్కవైపే మొగ్గుతోంది.

నమ్మకం కుదరకపోతే లంగాను తిరగేసి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. పట్టుకు ఒకసారి సూది దిగితే ఆ రంధ్రం సాధారణంగా పూడదు. ఒక్కొక్క వరుసలో రంధ్రాలు ఒకే తీరుగా, ఒకే దూరంలో ఉంటే ఆ మడత ఒక్కసారే కుట్టారు. మిషను కుట్టు రంధ్రాలు సన్నగా, సమంగా ఉండి, వాటి పక్కనే చేతికుట్టు రంధ్రాలు ఎడంగా, కాస్త వంకరగా పోతుంటే మాత్రం విప్పిన మడతను ఎవరో మళ్లీ వేశారన్నమాట. దారం తునకలు ఏవైనా మిగిలి ఉంటే వాటి రంగులూ చూడండి. మొదట దర్జీ గుడ్డకు సరిపోయే దారం వాడి ఉంటాడు. రెండోసారి కుట్టిన మనిషి ఇంట్లో ఏ దారం దొరికితే దానితో కుట్టి ఉంటుంది. ఆ మనిషి ఎవరో మీకూ తెలుసు.

బల్ల మీద పిప్పరమెంటు చప్పరిస్తూ కూర్చున్న పిల్ల మీరు కాకపోవచ్చని రాయడానికి చేయి రావడం లేదు. అందుకే నా సంగతి చెబుతాను. మా ఇల్లు కూడా ఆజంజాహి మిల్లు కూత వినబడేంత దూరంలోనే ఉండేది. 1934లో మొదలైన ఆ మిల్లు కూతకు మా వీధి అంతా లేచేది, వండేది, తినేది. మిల్లు మూతపడింది, ఆ నేలలో ఇప్పుడు ఇళ్లు లేచాయి. ఆ రోజుల్లో మా నాన్న ఒకసారి నీలి గళ్ల గుడ్డ ఒక తాను చవకగా వచ్చిందని భుజాన వేసుకుని తెచ్చారు. దానితో అన్నయ్యకు చొక్కా, నాకు గౌను, ఇంకా మిగిలితే దిండు గలీబులు కుట్టారు. ఒకే తానులో ముక్కలమని మమ్మల్ని చుట్టాలు ఎగతాళి చేసేవారు. ఆ గౌనును ఇస్త్రీ చేయబోయి నేను కాల్చానని, అమ్మ నన్ను తిట్టిందని, బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఆకారంలో మచ్చ పడిందని నలభై ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాను. కాలిన గుడ్డ వాసన కూడా గుర్తుండేది. అన్నయ్య ఒప్పుకునేవాడు కాదు, కాలింది తన చొక్కా అనేవాడు. ఒక సంక్రాంతికి అటక దులుపుతుంటే ఆ మచ్చ బయటపడింది. దిండు గలీబు మీద ఉంది. కాల్చింది మా అత్తయ్య.

ఇందులో నేను అబద్ధం చెప్పలేదు, అన్నయ్యా చెప్పలేదు. ఒకే ఇంట్లో, ఒకే గదిలో పెరిగిన పిల్లలకు జ్ఞాపకాలు కూడా ఒకే పెట్టెలో ఉంటాయి. తరువాత ఎవరి చేతికి ఏది దొరికితే అది వారిదవుతుంది. న్యూజీలాండ్‌లో పరిశోధకులు కవలలతో ఇలాంటి పరీక్షే చేసి 2001లో ఫలితాలు ప్రచురించారు. చిన్నప్పటి సంగతులను విడివిడిగా అడిగితే, కొన్నిటి దగ్గర ఇద్దరూ "అది నాకే జరిగింది" అన్నారు. కవలలు కాని తోబుట్టువుల్లోనూ ఇది కనిపించింది. దెబ్బ తగిలిందీ బహుమతి వచ్చిందీ తమకేనని చెప్పుకోవడం, తప్పు చేసింది మాత్రం అవతలివారని అనుకోవడం ఎక్కువట. ఇది తెలుసుకోవడానికి న్యూజీలాండ్ దాకా ఎందుకు, మా అటక చాలు. కానీ ఇది మన ఇళ్లలోనే ఉన్న జబ్బు కాదని తెలిస్తే కొంచెం ఊరట.

పిప్పరమెంటు కూడా అలా చేతులు మారి ఉండవచ్చు. అక్క చెప్పగా చెప్పగా విని మీరు ఆ బల్ల ఎక్కి కూర్చుని ఉండవచ్చు. లేదా మీ నాన్న మరో ఏడాది, మరో గుడ్డ కోసం మిమ్మల్నీ అదే కొట్టుకు తీసుకెళ్లి ఉండవచ్చు. పెద్దదాన్ని బల్ల మీద కూర్చోబెట్టిన మనిషి చిన్నదాన్ని కింద నిలబెడతాడా? ఆ రోజు కొన్నది ఏ మామూలు జాకెట్టు గుడ్డో అయి ఉంటుంది. జాకెట్టు గుడ్డను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పిప్పరమెంటు మాత్రం మిగిలిపోయి, దానికి తగిన గొప్ప బట్ట కోసం వెతుక్కుంటూ వెళ్లి పట్టు లంగా కొసకు ముడిపడింది. ఇది నా ఊహే. అయినా మీరు వదులుకోవలసింది లంగా కొన్న రోజునే, బల్లను కాదు.

మీకు బాధ ఎక్కడుందో నాకు తెలియకపోలేదు. నేనూ ఇంట్లో చిన్నదాన్నే. పెద్దదానికి పొట్టి అయినవే చిన్నదానికి కొత్త బట్టలు. పుస్తకాలూ అంతే, చెప్పులూ అంతే. అలాంటి ఇంట్లో ఒక్క పట్టు లంగా మాత్రం నాకోసం, నన్ను వెంటబెట్టుకు వెళ్లి కొన్నారని యాభై ఏళ్లు దాచుకున్న మనిషికి అదీ అక్కదే అని ఫోనులో వినడం చిన్న దెబ్బ కాదు. మీ అక్క ఆ మాట అన్న తీరులో కొంచెం మెత్తదనం ఉండవలసింది. ఆమె ఉత్తరం రాస్తే ఆమెకూ చెబుతాను.

కానీ కొన్న రోజును పక్కనబెట్టి, మడతలు మళ్లీ వేసిన రోజును ఒకసారి తలచుకోండి. పిల్లల లంగా చుట్టుకొలత ఎంత తక్కువ చూసినా రెండున్నర మీటర్లు. నాలుగు మడతలు మళ్లీ వేయాలంటే పది మీటర్ల కుట్టు. చేత్తో, పట్టు మీద, కుట్టు పైకి కనబడకుండా. ముందు నడుము పట్టీ కుట్లు విప్పి, కుచ్చిళ్లు సరిచేసి, మీ నడుముకు తగ్గట్టు మళ్లీ కుట్టాలి. మిల్లు కూతకు లేచి వండే ఇల్లాలికి దసరా ముందు రోజుల్లో ఇల్లు అలకడం, పూలు తేవడం, పిండివంటలు పోగా రాత్రి ఎంత మిగిలి ఉంటుంది? అక్కకు ఆ లంగా నాన్న కొన్నారు, కొట్టులో ఒక గంట పని. మీకోసం అమ్మ పది మీటర్లు కుట్టింది. మీరు తిరగేసి చూసినప్పుడు ఆ వంకర రంధ్రాలు కనబడితే, వాటిలో మీ అక్కకు వాటా లేదు.

నాకు అంతుబట్టనిది ఇంకొకటి ఉంది. మీరు రెండు పండుగలే వేసుకుంటే విప్పింది ఒక మడతో, రెండో అయి ఉండాలి. ఇప్పుడు నాలుగూ విప్పి ఉన్నాయి. మిగతావి ఎవరు విప్పారు? బహుశా మీ అమ్మే, దాచేటప్పుడు. కుట్టిన మడతలో పట్టు ఏళ్ల తరబడి నలిగితే అక్కడే తెగుతుందని మగ్గం ఇంట పుట్టిన మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక మరక. ఎడమ మోకాలి దగ్గర నీలం అన్నారు. సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం ఇంటి ముందు గునుగు పూల కట్టలు, రంగు కలిపిన గిన్నెలు, చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్న పిల్లలు. తెల్లని గునుగును ముంచే ఆ రంగు కాక మరేం అయి ఉంటుంది? ఆ పూట కొత్త బట్టలు ముందే వేసుకుని పూల దగ్గరికి రావద్దని ప్రతి తల్లీ చెబుతుంది, ఏ పిల్లా వినదు. మరక పోగొట్టే ఉపాయం అడిగారు, చెప్పను. పోదు కూడా. నిమ్మకాయ, సోడా, బజారులో దొరికే మరకల మందు ఏది రాసినా మరక మిగిలి గుడ్డ పోతుంది.

లంగాను ఇప్పుడే కొంచెం బాగా చూసుకోవాలి. మడతపెట్టి ఉంచితే ఆ గీతల వెంటే చిరుగుతుంది, ఇస్త్రీ చేసి ఆ గీతలు పోగొట్టాలని చూస్తే ఇంకా తొందరగా చిరుగుతుంది. పాత నూలు పంచె ఒకటి గంజి లేకుండా ఉతికి ఆరబెట్టి, దాన్ని గుండ్రంగా చుట్టి, ఆ చుట్ట మీద లంగాను వదులుగా చుట్టండి. పైన ఇంకో నూలు గుడ్డ కప్పండి. పాలిథీన్ సంచి వద్దు, లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. గంజి ఎందుకు వద్దన్నానంటే గుడ్డను కొరికే వెండిరంగు పురుగులు ముందు గంజి కోసమే వస్తాయి. మూడు నాలుగు నెలలకోసారి తీసి, నీడలో కాసేపు గాలి తగలనిచ్చి, మళ్లీ చుట్టండి. జరీ నల్లబడటం సహజం. వెండి తీగ అయినా రాగి తీగ అయినా గాలికి నల్లబడుతుంది. చింతపండుతో తోమితే మెరుస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అది ఇత్తడి చెంబు కాదు. తోమితే పైనున్న కాస్త పూత కూడా పోతుంది. చిరుగుతున్న చోట్ల లోపలివైపు మెత్తని మల్లు గుడ్డ ఆనించి, పొడవాటి కుట్లతో వదులుగా పట్టించే నేర్పరి ఎవరైనా తెలిస్తే చేయించండి, లేకపోతే అలాగే ఉండనివ్వండి.

నీళ్లలో మాత్రం ముంచకండి. పట్టు అని మీరు రాశారు, నేనూ అదే మాట వాడుతున్నాను. కానీ ఆ రోజుల్లో మామూలు ఇళ్లకు పట్టు పేరుతో వచ్చిన గుడ్డల్లో కృత్రిమ పట్టు కూడా ఉండేది. దానికి తడిస్తే బలం తగ్గుతుంది. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి కాలిస్తే తెలిసిపోతుంది: అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిగే నల్లని బూడిదవుతుంది, కృత్రిమ పట్టు కాగితంలా కాలిపోతుంది. నేనైతే కాల్చి చూడను. మీ నాన్న పట్టు అని కొన్నారు, అంతే.

కత్తిరించనివ్వాలా? వద్దు. ఇది మీ పంతం గెలవాలని అనడం లేదు, ఆ గుడ్డ మళ్లీ కుట్టుకు నిలవదు. మిషను కింద పెడితే సూది పడినచోటల్లా చీలుతుంది. పైగా కట్టుకోబోయేది ఏడాది పిల్ల. సందుగలో కలరా ఉండలు వేసే ఉంటారు, వేయని ఇల్లు ఉండదు. ఆ నాఫ్తలీన్ పట్టిన బట్టలు పసిపిల్లలకు తొడగకూడదు. జి6పిడి అనే ఎంజైము లోపం పుట్టుకతోనే ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేసి రక్తహీనత, కామెర్లు తెస్తుంది. పిల్లకు ఆ లోపం ఉందో లేదో చాలామంది తల్లులకు తెలియదు. మీ అక్కకు ఈ ముక్క చెబితే కత్తెర తనే పక్కన పెడుతుంది. ఆమె అమ్మమ్మో నానమ్మో అయిన మనిషి, లంగా కోసం పిల్లకు ముప్పు తెచ్చుకోదు.

పాపకు కొత్త లంగా కుట్టించండి. గులాబీ రంగు, ఆకుపచ్చ అంచు ఎక్కడైనా దొరుకుతాయి. దర్జీకి కింద నాలుగు మడతలు పెట్టమని గట్టిగా చెప్పండి. ఇప్పటి వాళ్లు ఏడాదికొకటి కొత్తది కొనేయవచ్చని ఆ శ్రమ పెట్టుకోరు, పైగా లావుగా కనిపిస్తుందంటారు. వినకండి. ఆ లంగాకు పాత లంగా బొందు ఎక్కించండి.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ బొందే. పట్టు చిరిగింది, జరీ నల్లబడింది, బొందు గట్టిగా ఉందని ఒక్క వాక్యం రాసి దాటిపోయారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు వార్తలు రాశారు. మగ్గం మీద మిగిలిన నూలుతో ఒకామె కూతుళ్ల లంగాలకు బొందులు పేనిన సంగతి ఏ వార్తలో వస్తుంది? కూర్చుంటే మోయాలి, దులిపితే ఓర్చాలి, పెళ్లిళ్లలో వందమంది తొక్కితే నిలవాలి అని నేసే నేతకు వాడే నూలు అది. పిల్ల నడుము దగ్గర ఇంకో రెండు తరాలు నిలుస్తుంది. నూలు కనుక ఉతకవచ్చు, కలరా ఉండల వాసన పోయేదాకా ఎన్నిసార్లయినా ఉతకవచ్చు. లంగా నాన్న కొన్నది, ఎవరికి కొన్నారో మీరిద్దరూ తేల్చుకోలేరు. బొందు అమ్మ పేనింది, దాని మీద తగాదా లేదు.

ఇప్పుడు అక్కకు ఫోను చేయండి. పెద్దది, తనే చేయాలి అనుకుంటున్నారేమో. చిన్నదానికి ఉండే ఒకే ఒక్క సౌకర్యం ముందుగా మెట్టు దిగినా పరువు పోకపోవడం. లంగా ఎవరిదన్న మాట మాత్రం ఎత్తకండి, నా లెక్కా చెప్పకండి. "అక్కా, ఎడమ మోకాలి దగ్గర నీలి మరక ఉంది, అది ఏ ఏడాదిది?" అని అడిగి ఊరుకోండి. మీ అక్కకు తెలిసే ఉంటుంది. మీరే గిన్నె తన్నారని అంటుంది చూడండి. తప్పు చేసింది అవతలివారే కదా! అప్పుడు మీరూ ఏదో అంటారు, ఆమె ఇంకేదో అంటుంది. రెండు నెలల తరువాత ఆ మాత్రం గొడవ మంచిదే.

పుట్టినరోజుకు ముందే ఒకసారి వెళ్లి రండి. హనుమకొండలో బస్సెక్కితే హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ ఎంత దూరం, 70 కిలోమీటర్లు. లంగా చుట్టను సంచిలో కుక్కకుండా ఒళ్లో పెట్టుకోండి. ఇద్దరూ కూర్చుని తిరగేసి రంధ్రాలు చూడండి, ఆమె కళ్లద్దాలు తెచ్చుకోమనండి. బొందును మాత్రం ముందే లాగి వేరు చేసి, పురి విడకుండా రెండు కొసలకూ ముడి వేసి, కుంకుడు రసంలో ఉతికి, ఎండలో ఆరేసి పట్టుకెళ్లండి. లంగాలోంచి లాగే ముందు ఒక కొసకు కొత్త దారం కట్టి లాగితే దాని చోట ఆ దారం నిలుస్తుంది, మళ్లీ ఎప్పుడైనా బొందు ఎక్కించాలనుకుంటే వెతుక్కోనక్కర్లేదు.